వాహన గండం

పదకొండో భాగం

కారు తాళాలు ఫ్రిజ్ మీద పడి ఆ రోజుకి అయిదు రోజులు.

ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము తుడిచే పనిమనిషి కూడా వాటి చుట్టూ గుడ్డ తిప్పి ఊరుకుంది. ఇంట్లో సంగతి పనిమనిషికి తెలియకుండా ఉండేటంత మందంగా సైనిక్‌పురిలో ఎవరూ గోడలు కట్టుకోలేదు మరి.

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకే యామిని తయారై, టిఫిన్ డబ్బా సంచీలో పడేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఆమె ఫిజియోథెరపిస్టు. నేరేడ్‌మెట్ నుంచి ఏ.ఎస్. రావు నగర్ దాకా, మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి వస్తుంది. కారు ఉన్నప్పుడు రోజుకి ఏడిళ్ళు తిరిగేది. ఈ వారం ఆటోల కోసం రోడ్డు మీద నిలబడి నిలబడి నాలుగిళ్ళు దాటలేకపోయింది. ఆలస్యం ఓర్చుకోలేక ఇద్దరు అప్పుడే వేరే మనిషిని మాట్లాడుకున్నారు.

“అనూని స్కూలు ఆటో ఎక్కించండి అత్తయ్యా,” అంది, తల ఎత్తకుండా.

జగదాంబ సరేనంది. ఇంకో మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అయిదు రోజులుగా ఆమెకి ఇదే వరస. తేలు కుట్టిన దొంగలా తిరుగుతోంది ఇంట్లో. నొప్పి ఉంది, కిక్కురుమనడానికి లేదు.

నరసరాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. భీమవరం నుంచి వచ్చి, రాణీగంజ్‌లో మోటారు పంపుల దుకాణం పెట్టి, దాన్ని కొడుక్కి అప్పగించి, ప్రస్తుతం ఇంటిల్లిపాదికీ సలహాలు అప్పగిస్తున్న మనిషి ఆయన. మనసు మంచిదే. నోట్లో నువ్వుగింజ నానదు.

పోయిన ఆదివారం కొంప ముంచింది ఆ నోరే. ఇన్సూరెన్సు ఏజెంటు ఉమేరా ఫోను చేసి, కారు పాలసీ గడువు ఈ శనివారంతో అయిపోతుందని చెప్పి, ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగింది. కారు జగదాంబమ్మ పేరు మీద ఉంది కదా, ఆమెకి లైసెన్సు ఉందా? లేదు. నడిపేది ఎవరు? కోడలు. అయితే ప్రమాదంలో నడిపే ఓనరుకి ఏదైనా జరిగితే వచ్చే పదిహేను లక్షలు ఈ ఇంట్లో ఎవరికీ రావంది ఉమేరా. నడిపే మనిషి ఓనరు కాదు, ఓనరుకి నడపడం రాదు. కారుని కోడలి పేరు మీదకి మార్చేస్తే అన్నీ సరిపోతాయని కూడా చెప్పింది.

మార్చడం కుదరదన్నారు నరసరాజు గారు. ఎందుకు కుదరదని యామిని అడిగింది. ఆయన నాలుగేళ్ళుగా దాచిన మాట పప్పులో నెయ్యి వేసుకున్నంత తేలిగ్గా చెప్పేశారు. యామిని జాతకంలో వాహన గండం ఉంది. కారు కొనేటప్పుడే సిద్ధాంతి గారు హెచ్చరించారు. అందుకే బండి జగదాంబ పేరు మీద కొన్నారు.

మర్నాడు పొద్దున్న యామిని ఏడేళ్ళ కూతురు అనుపమని వెనక సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చేసింది. కారు గేటు దాకా వచ్చి ఆగింది. పావుగంట సేపు అలాగే, ఇంజను నడుస్తూనే, ఆగి ఉంది. తరవాత యామిని దిగి, పాపని దింపి, లోపలికొచ్చి తాళాలు ఫ్రిజ్ మీద పెట్టింది. అంతే.

ఇవాళ నరసరాజు గారు తీరిగ్గా తేల్చిందేమిటంటే, కదలని కారుకి ఫుల్ ఇన్సూరెన్సు దండగ, థర్డ్ పార్టీ చాలు. కొడుకు సత్యదేవ్ హెల్మెట్ పెట్టుకుంటూ ఔనన్నాడు. చట్టానికి అది ఉంటే సరిపోతుంది, దసరాకి ఎవరికైనా అమ్మేద్దాం అన్నాడు. భార్య ముఖం చూడకుండా అన్నాడు.

జగదాంబకి ఈ వారంలో ఇన్సూరెన్సు బాగానే వంటబట్టింది. థర్డ్ పార్టీ అంటే మన బండి తగిలి ఎదుటివాడికి నష్టం జరిగితే వాడికిచ్చేది. మన బండి నుజ్జయినా మనకి పైసా రాదు. షెడ్డులో పడుండే బండికి రాసేది అది. అంటే యామిని ఇక కారు ఎక్కదని ఇంటిల్లిపాదీ కలిసి కాయితం మీద పెట్టడమే. ఆ పిల్ల ఇన్నేళ్ళు కష్టపడి కూడగట్టుకున్న పని గంగలో కలిసినట్టే.

యామిని చెప్పులు వేసుకోవడం ఆపింది.

“ఒక్కమాట అడుగుతాను మామయ్యగారూ. గండం ఉందని తెలిసే కదా నాలుగేళ్ళు నా చేత నడిపించారు. మిమ్మల్ని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజుల్లో ఆ గండం ఎక్కడ కూర్చుంది?”

“అది కాదమ్మా. పేరు మీ అత్తయ్యది కదా. ఆ పేరు అడ్డం ఉన్నంతకాలం నీకేం కాదు. అందుకేగా మార్చొద్దనేది.”

“నాకు చెప్పకుండా నన్ను కాపాడారన్నమాట.”

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నరసరాజు గారు తిరిగి నాలుగు మాటలని తేలికపడేవారు. ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని గేటు తీసుకుని వెళ్ళిపోయింది. సత్యదేవ్ స్కూటరు స్టార్ట్ చేసి వెనకాలే వెళ్ళి, రోడ్డు చివరిదాకా దించుతానన్నాడు కాబోలు. యామిని ఎక్కలేదు.

“సిద్ధాంతి గారికి ఫోను చేస్తాను,” అన్నారు నరసరాజు గారు భార్యతో. “ఏదో శాంతి ఉండకపోదు. సాయంత్రం ఉమేరా గారు వచ్చేలోగా తేల్చుకుందాం.”

జగదాంబ చేతిలో గ్లాసు ఉంది. జారిపోలేదు. నలభై ఏళ్ళ సంసారంలో చేతులకి ఆ మాత్రం అలవాటు ఉంటుంది. ఆ గ్లాసు పట్టుకునే వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఆ గండం సంగతి ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

నాలుగేళ్ళ కిందట కారు కొందామనుకున్నప్పుడు ఆమెకొక కోరిక పుట్టింది. పెద్ద కోరికేమీ కాదు. ఇల్లు భర్త పేరు మీద ఉంది, దుకాణం కొడుకు పేరు మీదకి వెళ్ళింది. ఇంటి రిజిస్ట్రేషను కాయితాల్లోనూ, దుకాణం కాయితాల్లోనూ ఆమె సంతకం ఉంది. సాక్షుల వరసలో ఉంది. అరవై దాటుతున్నాయి, ఒక్క వస్తువైనా తన పేరు మీద ఉంటే బాగుండుననిపించింది. భర్తని అడిగితే నవ్వేశారు. ఆ నవ్వు మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు డజను అరటిపళ్ళు కొనుక్కుని, ఆటో ఎక్కి, మల్కాజ్‌గిరిలో సిద్ధాంతి గారింటికి వెళ్ళింది. కారు తన పేరు మీద ఉంటేనే కలిసొస్తుందని ఒక్క మాట చెప్పమంది. భర్తనే అడగొచ్చు కదమ్మా అన్నారాయన. “నేను చెబితే నవ్వుతారు. మీరు చెబితే వింటారు,” అంది జగదాంబ. సిద్ధాంతి గారు ఆమె ముఖంలోకి చూసి, పళ్ళు లోపల పెట్టించారు.

ఆ ఆదివారం ఆయన ఇంటికొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, జగదాంబ పేరు దివ్యంగా ఉందన్నారు. అక్కడితో అయిపోయేదే. కాని నరసరాజు గారు, ఎంతైనా వ్యాపారస్తుడు, నడిపేది కోడలు కదా, ఆమె పేరు మీద పెడితే నష్టమేంటి అన్నారు. సిద్ధాంతి గారు ఒక్క క్షణం జగదాంబ వైపు చూశారు. చూసి, ఆ అమ్మాయికి వాహన గండం ఉందండి అనేశారు. యామిని ఆ సమయానికి ఇంట్లో లేదు. జగదాంబ కాఫీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉంది. కాదనలేదు.

ఎవరికీ చెప్పొద్దని భర్త అన్నాక, ఆ మాట మట్టిలో కలిసిపోతుందనుకుంది. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని ఇప్పుడు ఏడుపొస్తోంది. ఒక్క మాట చెబితే తీరిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పాక కోడలి కళ్ళలోకి ఎలా చూడాలో తెలియడం లేదు.

పదకొండు గంటలకి, బచ్చలాకు తరుగుతుంటే, ఆమె ఫోను మోగింది.

“నేనమ్మా, మల్కాజ్‌గిరి నుంచి,” అన్నారు సిద్ధాంతి గారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. “రాజుగారు ఫోను చేశారు. పంచాంగం చూసి నాలుగింటికి చెబుతానన్నాను. ఇంతకీ ఏం చెప్పమంటారు?”

జగదాంబ వెనక గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఆ అమ్మాయి జాతకంలో నిజంగా ఏమైనా ఉందా అని అడిగింది. ఉందేమోనన్న భయం ఈ అయిదు రోజుల్లో ఆమెకీ పట్టుకుంది. తాను ఆడించిన అబద్ధాన్ని తానే నమ్మే దాకా వచ్చింది పాపం.

“ఆ అమ్మాయి జాతకం నేను చూడనే లేదు తల్లీ. ఎవరిచ్చారు నాకు? రాజుగారు అలా అడ్డం తిరిగేసరికి, ఆ దారి మూయడానికి నోటికొచ్చింది అన్నాను. మీ కోసమే కదా.”

మీ కోసమే కదా అన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. కాని ఆ వెనకాలే ఒక దారి కనబడింది. చాలా సులువైన దారి. ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. కోడలి పని కోడలికి దక్కుతుంది. కాకపోతే కారు తన పేరు మీద ఉండదు. ఉండకపోతే పోనీ అనుకుంది. అనుకుంటే ప్రాణం ఉసూరుమంది.

“గండం గడిచిపోయిందని చెప్పండి,” అంది. “పేరు మార్చుకోవచ్చని కూడా చెప్పండి.”

సిద్ధాంతి గారు అలాగేనన్నారు. గ్రహం మారిందని చెబితే రాజుగారు మళ్ళీ ప్రశ్న వేయరని ధైర్యం కూడా చెప్పారు. జగదాంబ ఫోను పెట్టేసి, తరిగిన ఆకునే మళ్ళీ తరిగింది.

నాలుగు కావస్తుండగా ఉమేరా స్కూటీ గేటు ముందు ఆగింది. బోయిగూడలో ఉంటుంది. వీళ్ళకి మొదట ఏజెంటు ఆమె తండ్రి షంషీర్ సాబ్. నరసరాజు గారి స్కూటరు రోజుల నుంచీ ఈ ఇంటి పాలసీలన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే. చూపు తగ్గి ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక, రెండు నెలలుగా కూతురు చూసుకుంటోంది. తండ్రి అడగనివన్నీ అడుగుతుంది. అందుకు నరసరాజు గారికి కాస్త కష్టంగానే ఉంది గాని, భీమవరం మర్యాద కొద్దీ ఆమెని కూడా గారూ అనే అంటారు.

ఉమేరా మంచినీళ్ళు తాగి ఫైలు తీసింది.

“రేపటితోని అయిపోతది సార్. రేపు దాటిందంటే కంపెనీ మనిషొచ్చి బండి చూసిపోయినంకనే మల్ల ఫుల్ ఇస్తరు. గా తక్లీఫ్ ఎందుకు, ఇయ్యాలనే చేసేద్దాం.”

మూడు రకాలూ మరోసారి ఓపిగ్గా చెప్పింది. థర్డ్ పార్టీ ఎదుటివాళ్ళకి. ఫుల్ అయితే మన బండికి కూడా. బంపర్ టు బంపర్ అయితే విరిగిన పార్టు పాతదని కోత పెట్టకుండా దాదాపు మొత్తం ఇస్తారు. ఏది కావాలో మీరే చెప్పండి, బండి రోజూ తిరిగేదైతే ఒక లెక్క, పండబెట్టేదైతే ఇంకో లెక్క అంది.

యామిని అప్పుడే వచ్చింది. ఎండలో నడిచొచ్చి ముఖం కందిపోయి ఉంది. అయిదున్నరకి ఇంకో ఇంటికి వెళ్ళాలి. కుర్చీలో కూర్చుని, ఎవరూ ఏమీ అడగకపోయినా, అయిదు నిమిషాల్లో ముగించమన్నట్టు ఉమేరా వైపు చూసింది.

అంతలో నరసరాజు గారి ఫోను మోగింది. ఆయన వరండాలోకి వెళ్ళి మాట్లాడారు. చిత్తం చిత్తం అనడం లోపలికి వినబడింది. జగదాంబ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆయన తిరిగొచ్చేసరికి ముఖం పెళ్ళివారి ముఖంలా వెలుగుతోంది. గ్రహం పోయిన నెలే మారిందట. గండం దాటిపోయిందట. కారు కోడలి పేరు మీదకి నిరభ్యంతరంగా మార్చుకోవచ్చట. చెబుతూనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, తాళాలు తీసి, యామిని ముందు చెయ్యి చాపారు.

“తీసుకో అమ్మా. ఇక ఏ భయం లేదు.”

యామిని ఆ తాళాల వైపు చూసింది. చెయ్యి చాపలేదు.

“ఇవాళ పోయిందన్నారు. వచ్చే ఏడు మళ్ళీ వచ్చిందంటే ఏం చేస్తారు?”

“ఆయన అలా ఎందుకంటారు?”

“ఒకసారి అన్నారు కదండీ. నాకు ఇవేమీ తెలియవు మామయ్యగారూ. తెలియకుండానే బాగున్నాను. ఇప్పుడు స్టీరింగు పట్టుకుంటే ముందు రోడ్డు కనబడటం లేదు, వెనక సీట్లో అనూ కనబడుతోంది. మీ సిద్ధాంతి గారు పోయిందని చెప్పినంత మాత్రాన అది పోదు.” ఉమేరా వైపు తిరిగింది. “థర్డ్ పార్టీయే రాసేయండి. నేను ఇక నడపను.”

నరసరాజు గారి చెయ్యి తాళాలతో అలాగే గాలిలో ఉండిపోయింది.

“నేను చెప్పేది కాదు గానీ అక్కా,” అంది ఉమేరా. “మా కంపెనీ గండం గిండం చూడది. లైసెన్సు ఉన్నదా, బండి ఎవరి పేరు మీద ఉన్నది, గంతే. నాలుగేండ్లల ఒక్క క్లెయిము సుత లేదు నీది. జెర సోంచాయించు.”

ఆలోచించేదేం లేదన్నట్టు యామిని తల అడ్డంగా ఊపింది. ఉమేరా పెన్ను తీసింది.

ఆ పెన్ను కాయితం మీదకి వంగడం జగదాంబ చూసింది. రెండో అబద్ధం కూడా అయిపోయింది, దానివల్ల కూడా ఏమీ ఒరగలేదు. ఇక మూడోది వెతుక్కోవడానికి ఆమెకి ఓపిక లేదు. సిగ్గు వేసింది. ఆ సిగ్గుతోనే నాలుగడుగులు ముందుకొచ్చింది.

“రాయకమ్మా,” అంది ఉమేరాతో. “గండం లేదు. పోవడానికి అసలు ఎప్పుడూ లేదు.”

నరసరాజు గారు అర్థం కానట్టు చూశారు. జగదాంబ ఆయన వైపు చూడలేదు. యామినితోనే చెప్పింది. కారు తన పేరు మీద పెట్టమని చెప్పించుకోవడానికి తానే మల్కాజ్‌గిరి వెళ్ళానంది. గండం మాట సిద్ధాంతి గారు కలిపితే పక్కనే నిలబడి విని ఊరుకున్నానంది. ఆయన నీ జాతకం చూడనే లేదంది. ఇవాళ గండం పోయిందని చెప్పించింది కూడా తానేనంది. అన్నీ వరసగా, ఏదీ మిగల్చకుండా చెప్పేసింది.

“నన్నడిగితే నేను పెట్టనా నీ పేరు?” అన్నారు నరసరాజు గారు. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

“అడిగానండి. షోరూముకి వెళ్ళొచ్చిన రోజు, మీకు అన్నం పెడుతూ అడిగాను. నవ్వారు. కారు నీకెందుకు, పెరుగు తోడెయ్యడానికా అన్నారు.”

“నాకు గుర్తు లేదు.”

“నాకు ఉంది.”

ఆయన తాళాలు బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్ళి, గేటు వైపు తిరిగి నిలబడ్డారు. వాదించడానికి మాట దొరకని నరసరాజు గారిని జగదాంబ చూడటం అదే మొదలు. చూస్తే జాలేసింది, లోపలెక్కడో కాస్త హాయిగా కూడా అనిపించింది, ఆ హాయికి మళ్ళీ సిగ్గు వేసింది.

యామిని బల్ల మీది తాళాల వైపే చూస్తోంది.

“సోమవారం గేటు దగ్గర పావుగంట కూర్చున్నాను,” అంది. “మీరు వంటింటి కిటికీలోంచి చూస్తున్నారు. అద్దంలో కనబడ్డారు. పాపం, అత్తయ్య నాకోసం భయపడుతోంది అనుకున్నాను.”

ఆ రోజు జగదాంబ నిజంగా భయపడింది కూడాను. ఎవరికోసమన్నది మాత్రం ఇప్పుడు చెప్పుకోలేదు. కళ్ళనీళ్ళు పైట చెంగుతో తుడుచుకుని, “పేరు నీ మీదకి మార్చుకో అమ్మా. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను,” అంది.

“వద్దు. ఇంత చేసి తెచ్చుకున్నారు. నేనెందుకు తీసుకుంటాను?”

ఆ మాటలో దయ ఉందో, దెబ్బ ఉందో జగదాంబకి తెలియలేదు. రెండూ ఉండి ఉండాలి. యామిని బల్ల మీద తాళాలు అందుకుని సంచీలో వేసుకుంది. ఉమేరాతో బంపర్ టు బంపరే రాయమంది. ఏళ్ళ తరబడి నడపవలసిన బండి, తక్కువది రాసి తరవాత ఏడవడం ఎందుకంది.

ఉమేరా గబగబా రాసుకుంది. ఓనరుకిచ్చే పదిహేను లక్షల గడి కొట్టేసింది. లైసెన్సు సంగతి మా నాన్న అడగాల్సింది, అడగలే, గది మా తప్పే అమ్మా అంది జగదాంబతో. తరవాత ఇంకో ఫారం తీసింది.

“అక్కా, బండి అమ్మ పేరు మీదనే ఉంటే నీకు వేరే పాలసీ రాస్తా. నీ పేరు మీద, ప్రమాదాలకి. గీ కారే కాదు, ఆటోల పోయినా, బస్సుల పోయినా ఉంటది.”

యామిని సరేనంది. వయసు, పని, లైసెన్సు నంబరు వరసగా చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. నామినీ ఎవరని ఉమేరా అడిగితే అనుపమ అంది. వయసు ఏడు.

“చిన్నపాపకి డబ్బులు నేరుగా ఇయ్యరక్కా. పాప తరఫున పెద్దమనిషి పేరు ఒకటి రాయాలె.” ఉమేరా ఫైల్లో పాత కాయితాలు తిరగేసింది. “పాప పుట్టినప్పుడు మా నాన్న దగ్గర నువ్వు తీసుకున్న పాలసీ ఉన్నది చూడు. అండ్ల అత్తమ్మ పేరు ఇచ్చినవ్. సత్యదేవ్ సారు పేరు రాద్దామని మా నాన్న అంటే, కాదు, నేను లేకపోతే నా బిడ్డని చూసేది ఆమెనే అన్నవంట. నాన్న ఇప్పటికీ చెప్తడు. గిండ్ల సుత అదే రాయాలా?”

జగదాంబ తలెత్తింది. ఆ కాయితం సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏడేళ్ళుగా తన పేరు అక్కడ ఉంది. అడగకుండా, ఎవరి చేతా చెప్పించకుండా, ఈ పిల్ల తనంతట తానే రాయించింది. కోడలి ముఖం వైపు చూసింది, ఒక్కసారి ఇటు తిరిగితే చాలనుకుంటూ.

యామిని తిరగలేదు. ఫారం మీద ఆ ఖాళీ గడినే చూస్తోంది.

“కారుది ఇవాళ చేసేయండి ఉమేరా గారూ,” అంది. “ఆ పేరు ఇప్పుడే రాయకండి. రేపు చెబుతాను.”

ఉమేరా ఇద్దరి ముఖాలూ చూసి, ఆ గడి వదిలేసి, కింద యామిని సంతకం చేయవలసిన చోటు చూపించింది.